ఏడో దిమ్మ

మా ఊళ్ళో పిల్లలందరూ సన్నగా ఉండేవారు. అరవైల చివర, వానలు సరిగ్గా పడని ఊళ్ళో, సన్నదనం కోసం ఎవరూ కష్టపడనక్కర్లేదు. అలాంటి చోట నేనొక్కదాన్నే, పదమూడేళ్ళు నిండేసరికి మా అమ్మ రవికెలు పట్టనంత లావుగా తయారయ్యాను. మాది నరసన్నపేటకి ఎడ్లబండి మీద పూటలో వెళ్ళొచ్చే ఊరు.

"ఏటి తింతన్నావే గుంటా?" అని నన్ను అడగని మనిషి లేడు. నూతి దగ్గర ఆడవాళ్ళు అడిగేవారు, గొర్రెలు తోలుకుపోయే తాత దారికడ్డంగా నిలబడి మరీ అడిగేవాడు. నేను తినేది అందరూ తినేదే. పొద్దున చోడంబలి, మధ్యాహ్నం ఇంత అన్నం, పులుసు. మా అన్నయ్య నాకు రెండింతలు లాగించేవాడు, వెదురుగెడలాగే ఉండేవాడు. వాణ్ణి ఒక్కరూ అడగలేదు. ఆ అన్యాయం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో మా నాయనమ్మ దగ్గర మాత్రం దీనికి జవాబు సిద్ధంగా ఉండేది. నాకు మూడో ఏట తట్టు పోసి, కళ్ళు తేలేస్తే, పిల్ల బతికితే నిలువెత్తు బెల్లం తూస్తానని ఆవిడ ఊరి అమ్మవారికి మొక్కుకుందట. నన్ను కాటాలో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం పేర్చి, అదంతా ఊరికి పంచాలి. అప్పుడు తూచేసి ఉంటే ఒక్క దిమ్మతో పోయేది. ఒక ఏడు పంట పోయింది, ఒక ఏడు తాతయ్య పోయి ఏడాదంతా శుభకార్యం పనికిరాలేదు, ఇంకో ఏడు గాలివాన. పదేళ్ళు అలా గడిచిపోయాయి. తప్పు వాళ్ళది, పెరిగింది నేను.

"అమ్మోరు మర్సిపోనేదు. తన బెల్లం తనకి రాకపోతే ఊరుకుంతాదా? ఏడాదికేడాది పిల్లకి ఒళ్ళు పెంచతన్నాది. మొక్కు తీరిస్తే దిగిపోతాది, సూడు," అనేది నాయనమ్మ.

చివరికి ఆ మాఘంలో మొక్కు తీర్చాలని ఖాయం చేశారు. నేను ఏడ్చాను. ఇంట్లోనే తలుపులు వేసుకుని తూచెయ్యమని కాళ్ళు పట్టుకున్నాను. "గుడి ముందు సేస్తానని మొక్కి ఇంట్లో సేస్తే కళ్ళు పోతాయి," అంది నాయనమ్మ. నాన్న నరసన్నపేట వెళ్ళి, బెల్లం కొట్టువాళ్ళ దగ్గర మొక్కు రోజుకి పెద్ద కాటా, ఆరు దిమ్మలూ మాట్లాడి వచ్చాడు. ఆరెందుకని అమ్మ అడిగితే, నన్ను ఎగాదిగా చూసి, "సాలతాయిలే," అన్నాడు. చూపుతోనే తూచేశాడు మా నాన్న!

అప్పటినుంచి నాకు ఒకటే దిగులు. తూచడం ఎలాగూ తప్పదు. కనీసం ఆ ఆరు దిమ్మలూ చాలాలి. చాలకపోతే ఊరంతా నవ్వుతుంది, బడిలో నా పక్క బెంచీలో కూర్చునే పిల్లతో సహా. అది చాలు నేను బడి మానెయ్యడానికి.

మొక్కు రోజుకి ఇంకా నెల ఉంది. రోజూ పొద్దున అంబలి దూడకి పోసేసేదాన్ని. మధ్యాహ్నం బడిలో అన్నం మూట విప్పి కాకులకి వేసేదాన్ని. రాత్రి కడుపునొప్పి అని అబద్ధం చెప్పి రెండు ముద్దలతో లేచిపోయేదాన్ని. మొదటి వారం కడుపులో పేగులు అరిచాయి. తర్వాత అవి కూడా అలిసిపోయాయి. ఒకరోజు డ్రిల్లులో కళ్ళు తిరిగి కూలబడితే మేష్టారు, "తిండి తగ్గించమ్మా," అన్నారు. పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇంత చేసినా లంగా బొందు వేలెడైనా వదులవలేదు.

మొక్కు రోజు గుడి ముందు మూడు సరుగుడు గెడలు నిలబెట్టి కాటా వేలాడదీశారు. నాకు పసుపు రాసి, కొత్త లంగా కట్టి, కాటా పలక మీద కూర్చోబెట్టారు. తాళ్ళు కిర్రుమన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. లేవబోతే నాయనమ్మ భుజం నొక్కింది. "బెల్లం పలక దిగీదాకా లెగిసీకూడదు. మొక్కు సెడిపోతాది."

ఒక దిమ్మ. రెండు. నాలుగు. నేను కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నాను. ఆరోది పెట్టాక కళ్ళు తెరిచాను. నా కాళ్ళ కింద నేల ఎక్కడుందో అక్కడే ఉంది.

"సాల్లేదురా!" అన్నాడు గొర్రెల తాత. అంతే, నవ్వు మొదలైంది. నాన్న తలొంచుకున్నాడు. ఏడో దిమ్మ కోసం నరసన్నపేట వెళ్ళి రావాలంటే పొద్దు గుంకుతుంది.

అప్పుడు ఓ ఆవిడ, "మా ఇంట్లో ఇంత ఉన్నాది, తెస్తానుండండి," అని పరిగెత్తింది. ఆమెను చూసి ఇంకొకావిడ, ఆమె వెనక ఇంకొకరు. గిన్నెల్లో, డబ్బాల్లో, కొంగుల్లో బెల్లం ముక్కలు రావడం మొదలయ్యాయి. "మాది కూడా ఎయ్యండి, పున్నెం," అని తోసుకుంటున్నారు. వాళ్ళ మనసులో చెడు లేదు, నిజమే. కానీ ఒక్కో ముక్క పడ్డప్పుడల్లా అందరూ నా వైపు చూసి, "ఇంకా నేదు," అంటున్నారు. నా పక్క బెంచీ పిల్ల కూడా చీమలు పట్టిన చిన్న ముక్క తెచ్చి వేసింది. ఆ ముక్కతో నేను పైకి లేచాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లని నేను చచ్చేదాకా క్షమించనని అప్పుడే అనుకున్నాను.

దిమ్మలు గునపంతో పగలగొట్టి, ఆకుల్లో పెట్టి పంచడం మొదలుపెట్టారు. కొత్త బెల్లం వాసన. నెల రోజులుగా మాడుతున్న కడుపు ఒక్కసారిగా లేచింది. ఇంక ఆకలిని ఆపాల్సిన పని లేదు కదా, అయిందేదో అయిపోయింది కదా అని వరసలో నిలబడి చెయ్యి చాపాను.

నాయనమ్మ నా చేతిని మెల్లగా వెనక్కి మడిచింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. పదేళ్ళ భారం దిగిన మొహం అది. నా బుగ్గలు రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

"నువ్వు తినకే, నా తల్లీ. అమ్మోరు తీసీసిన బరువు మల్లీ నోట్లో ఎట్టుకుంతావేటి?"

నేను గుడి అరుగు మీద కూర్చుని చూశాను. నన్ను ఏం తింటున్నావని అడిగిన వాళ్ళందరూ నా బరువు బెల్లం కూర్చుని తిన్నారు, వేళ్ళు నాకారు, పిల్లల కోసం ఇంకో ముక్క అడిగి కొంగున కట్టుకున్నారు. ఆ రోజు ఆ ఊళ్ళో ఆకలితో ఉన్నది నేనొక్కదాన్నే.