పిన్నితో మూడు రోజుల నడక

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీయడం ఆమె ఉద్యోగం. రోజుకు రెండు వందల ఇళ్ళు, అందులో సగం మేడమీదివే. పద్నాలుగేళ్ళుగా అదే పని కావడంతో ఆ వీధులన్నీ ఆమెను 'మీటరమ్మ' అనే పిలుస్తాయి. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. అక్కకూ బావకూ టైలరింగు షాపు. వాళ్ళ ఇద్దరు పిల్లలకు సెలవులిచ్చే నెలలోనే షాపులో కుట్టుపని ముంచుకొస్తుంది. దాంతో నగరం చూపిస్తామన్న మాట రెండేళ్ళు వాయిదా పడింది. మూడో ఏడు మీటరమ్మ, "నేను తీసుకెళ్తా" అంది.

బావ నోట్లోని గుండుసూదులు తీసి మరీ నవ్వాడు. "పిల్లకేమో ఏడేళ్ళు, వాడికి నాలుగు. సగం దారిలో ఇద్దరూ నీ చంకెక్కుతారు చూడు."

"నడక గురించి నాకు చెప్పకండి బావా."

ఆయన అన్నంతా అయింది. మ్యూజియం, కోట, పార్కు, క్లాక్‌టవర్ ఒక్కరోజులో చుట్టేయాలని మొదటి రోజు తొమ్మిదింటికి లాడ్జి నుంచి బయల్దేరదీసింది. కోట దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లాడు ఫుట్‌పాత్ మీద వెల్లకిలా పడుకుని, "నా కాళ్ళు అయిపోయాయి" అన్నాడు. పిల్ల ఏడవలేదు కానీ కుంటుతోంది. కొత్త బూటు విప్పితే మడమ మీద బఠాణీ గింజంత బొబ్బ. ఒకణ్ణి వీపునేసుకుని, ఇంకోదాన్ని చెయ్యిపట్టి నడిపించుకుంటూ లాడ్జికి చేరేసరికి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

పిల్లలు పడుకున్నాక మంచం అంచున కూర్చుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం తనూ ఇలాగే ఎవరింటి మెట్ల మీదో కూలబడింది. తోటి ఉద్యోగిని, పెద్దావిడ, అప్పుడొక మాట చెప్పింది: "అలిసిపోయాక కూర్చుంటే లేవలేవమ్మా. అలవకముందే కూర్చో." ఆ మాట తన కాళ్ళకు ఎంత అలవాటైపోయిందంటే, పిల్లల కాళ్ళకు అది తెలియదన్న సంగతే తట్టలేదు. చూడాల్సినవాటి చీటీ తీసి పార్కును కొట్టేసింది. కొత్త బూట్లు సంచి అడుక్కి పోయాయి.

రెండో రోజు ఆరున్నరకే రోడ్డెక్కారు. ఇరవై నిమిషాలు నడవడం, పది నిమిషాలు కూర్చోవడం.

"నేనేం అలిసిపోలేదు పిన్నీ!"

"అందుకే కూర్చోమంటున్నా."

ఆకలనకముందే అరటిపండు, దాహమనకముందే నీళ్ళు. పన్నెండుకల్లా గదికి చేరి, మూడున్నర దాకా నిద్ర. మ్యాపు చూసి దారి చెప్పే బాధ్యత పిల్లది. కూర్చునే చోటు వెతికిపెట్టడం పిల్లాడి వంతు. బస్టాపు, ఫౌంటెన్ గట్టు, షాపు మెట్లు, దేన్నీ వదల్లేదు వాడు. ఓసారి బ్యాంకు కాపలాదారు ముందు నిలబడి, "తాతా, కాస్త లే. మా పిన్ని కూర్చోవాలి" అన్నాడు. ఆయన నిజంగానే లేచాడు.

ఆ రోజు కోటంతా చూసొచ్చారు, ఎవరూ ఎవరి చంకా ఎక్కకుండా.

మూడో రోజు క్లాక్‌టవర్. మూడు వందల పదకొండు మెట్లు. టికెట్టు చించే ఆయన పిల్లాణ్ణి ఎగాదిగా చూశాడు. "వీణ్ణి ఎత్తుకుని ఎక్కడం మీవల్ల కాదమ్మా."

"ఎత్తుకోనండీ. వాడే ఎక్కుతాడు."

ఇరవై మెట్లకోసారి కూర్చుంటూ ఎక్కారు. మొదట్లో వాళ్ళను దాటుకుంటూ పరిగెత్తిన కాలేజీ కుర్రాళ్ళు నూట యాభయ్యో మెట్టు దగ్గర గోడకానుకుని రొప్పుతున్నారు. "అలవకముందే కూర్చోవాలి, అన్నయ్యా" అని సలహా ఇచ్చి మరీ ముందుకెళ్ళాడు పిల్లాడు. రెండు వందల అరవై దగ్గర మాత్రం వాడి పెదవి వణికింది. మీటరమ్మ పక్కన కూర్చుంది. పిల్ల ఒక మెట్టు కిందికి దిగి తమ్ముడి వెనక నిలబడింది. "పడితే నేను పట్టుకుంటాలే. పద."

వాడు లేచాడు.

పైన గాలి హోరుమంటోంది. నగరమంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంది. మీటరమ్మ అక్కకు ఫోన్ చేసింది.

"పైన ఉన్నామే."

"ఎక్కడ పైన?"

"క్లాక్‌టవర్ మీద. నీ కొడుకు తన కాళ్ళ మీదే ఎక్కాడు. మొత్తం!"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "ఏమండీ, ఇటు రండి, ఇటు రండి!" అని అక్క కేకేయడం వినిపించింది. మీటరమ్మకు నవ్వు ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళూ ఆగలేదు.

ఈలోగా పిల్ల కడ్డీల మధ్య నుంచి వేలు చూపించింది. "పిన్నీ, ఆ వీధిలో మనం నడవనే లేదు. అటునుంచి వెళ్దామా?"

పిల్లాడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.