వంటశాల గోడకు వెల్లుల్లి వాసన

2001 వేసవి. రాజమండ్రిలో ఒక చిన్న ప్రైవేటు లేబొరేటరీలో కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే బురద, బూడిద, మడ్డి పరీక్షించి, అది ప్రమాదకర వ్యర్థమా కాదా అని రిపోర్టు రాసివ్వడం నా పని. జీతానికి పనిచేసిన మొదటి మనిషిని మా వంశంలో నేనే. ఈ మాట గర్వంగా చెప్పాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రమాదకరమని రంగు చూసో వాసన చూసో చెప్పరు. దానికి నిబంధనలున్నాయి. మొదటి షెడ్యూలు వ్యర్థం పుట్టుకను అడుగుతుంది. ఏ పరిశ్రమలో, ఏ పని జరుగుతుండగా వచ్చింది? ఆ జాబితాలో ఉంటే ఇక వాదన లేదు. లేకపోతే గుణం చూడాలి. లోపల సీసం, క్రోమియం వంటివి ఎంత మోతాదులో ఉన్నాయి, అంటుకుంటుందా, చర్మాన్ని తినేస్తుందా, నీళ్ళు తగిలితే వాయువు వదులుతుందా, ఇలా. మనిషి ఎదురుపడితే ముందు ఎవరి అబ్బాయి అని అడిగే ఇంట్లో పెరిగాను కనుక, పుట్టుకను అడిగే జాబితా నాకు వెంటనే ఒంటబట్టింది. గుణం సంగతి ఒంటబట్టడానికి ఈ కేసు కావలసి వచ్చింది.

నిడదవోలు దగ్గర కోటేశ్వరరావు గారని ఒకాయన ఎసిటిలీన్ ప్లాంటు నడిపేవారు. కాల్షియం కార్బైడ్ రాళ్ళను నీళ్ళలో వేస్తే వచ్చే వాయువు ఎసిటిలీన్. ఇనుము కోయడానికీ, వెల్డింగుకీ వాడతారు. వాయువు పోయాక తెల్లటి బురద మిగులుతుంది. దాన్ని కార్బైడ్ స్లడ్జ్ అంటాం. చూడటానికి తడి సున్నం. చాలావరకు సున్నమే కూడా. అది ఏ కోవలోకి వస్తుందో తేల్చి చెప్పమని ఆయనకు కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది. నన్ను పిలిపించారు.

"ఇది సున్నమండి బాబుగారూ. తాంబూలంలో వేసుకోవడం ఒక్కటే తక్కువ."

"మీరు వేసుకుని చూశారా?"

"నాకు తాంబూలం అలవాటు లేదండి."

స్లడ్జ్ గుంట పొడుగ్గా ఉంది. గేటు వైపు కొసలో రోజూ కొత్త బురద పడుతుంది. అవతలి కొసలో నెలల తరబడి ఎండి గట్టిపడింది. గేటు వైపు మోకాలి లోతు ఊబి. నేను ఆ రోజు ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లతో వెళ్ళాను. ఫ్యాక్టరీలోకి వెళ్ళినా మనిషి మనిషిలా ఉండాలన్నది మా ఇంటి పద్ధతి. అంచేత నడవడానికి వీలున్న ఎండిన కొసలో శాంపుల్ తీసుకుని వచ్చేశాను. పరీక్షల్లో అంతా శుభ్రంగా వచ్చింది. జాబితాలో ఆ పేరు కనబడలేదు. లోహాలు తక్కువ. నీళ్ళు పోస్తే ఏమీ జరగలేదు. ప్రమాదకరం కాదని సంతకం చేశాను.

ఇక మా ఊరి సంగతి. రావులపాలెం దగ్గర పల్లెటూరు. అక్కడి వేణుగోపాలస్వామి ఆలయానికి మా తాతగారి కాలం దాకా మేమే ధర్మకర్తలం. నా కాలానికి కమిటీ మీటింగులో నాకొక కుర్చీ మిగిలింది. చైర్మన్ వీర్రాజు గారు, అరటిపళ్ళ వ్యాపారి. గోడౌనూ లారీలూ ఉన్నాయి, వినయమూ ఉంది. ఆ ఏడు వైశాఖంలో స్వామి కల్యాణానికి ముందు ఆలయానికి సున్నం వేయించే మాట వచ్చింది. ఒకప్పుడు ఆ సేవ మాది. పదేళ్ళుగా వీర్రాజు గారే చేయిస్తున్నారు.

"ఈసారీ నేనే వేయిస్తానండి. బాబుగారిని ఇబ్బంది పెట్టడం దేనికి" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాద నాకు గుచ్చుకుంది. లేచి నిలబడి, "ఈసారి సేవ మాది" అన్నాను. కూర్చున్నాక సున్నం ఎక్కడి నుంచి తేవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. కోటేశ్వరరావు గారి గుంట గుర్తుకొచ్చింది. నా చేత్తో నేనే మంచిదని రాసిచ్చిన సరుకు. ఆయన సంతోషంగా పది డ్రమ్ములు ట్రాక్టరులో పంపించారు. ప్రాకారం, మండపం, వంటశాల అన్నీ తెల్లగా మెరిశాయి. వంటశాల గుమ్మం పక్కన ఎర్రరంగుతో, 'సున్నపు సేవ' అని మా వంశం పేరు పెద్ద అక్షరాలతో రాయించాను. రాసేవాడు చిన్న అక్షరాలు చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మూడో రోజు ఉదయం కబురొచ్చింది. కమిటీ అత్యవసరంగా కూర్చుంటోంది. వంటశాలలో వెల్లుల్లి వాసన.

తెలియనివారికి చెబుతున్నాను. మా ఆలయంలో ఉల్లి, వెల్లుల్లి గడప దాటకూడదు. స్వామికి పులిహోర, దద్ధోజనం వండేది శేషయ్య గారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేతి వంటే. పైగా వచ్చిన చిక్కు ఏమిటంటే, పొయ్యి వెలిగించక ముందు వాసన ఉండటం లేదు. ఆయన అన్నం వార్చి పులిహోర కలిపే వేళకు గుప్పున కొడుతోంది. పొయ్యి ఆర్పి గది ఆరాక తగ్గిపోతోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మండపంలో శేషయ్య గారిని నిలబెట్టారు. అర్చకస్వామి విచారణ చేస్తున్నారు.

"నిజం చెప్పవయ్యా. తాలింపులో ఏం వేశావు?"

"ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు. వెల్లుల్లి ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదండి."

"తెలీకపోతే మరి ఈ వచ్చేది వెల్లుల్లి వాసనని నువ్వెలా ఒప్పుకున్నావు?"

"మీరు అన్నారు కదండీ. మీకు తెలుసు కాబోలు అనుకున్నా."

ఒకరిద్దరు తలలు తిప్పుకుని దగ్గారు. అర్చకస్వామి ముఖం ఎర్రబడింది. తీర్పు మాత్రం మారలేదు. కల్యాణం మూడు రోజుల్లో ఉంది. ఈలోగా తప్పు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, లేదా వంటశాల తాళం అప్పగించి వెళ్ళిపోవాలి. శేషయ్య గారు మొలలోని తాళం ఒకసారి తడుముకున్నారు. ఆ సమావేశంలో అందరికంటే తక్కువ మాట్లాడింది వీర్రాజు గారు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నారు. అది ఆయన స్వభావం కాదు.

"బాబుగారు కెమిస్టు కదా. ఒకసారి చూసి చెబితే..." అన్నారెవరో.

వంటశాలలోకి వెళ్ళాను. చిన్న గది, ఒకటే కిటికీ. గంగాళంలో అన్నం పొగలు కక్కుతోంది. ఆవిరి తగిలి గోడలు చెమ్మగిల్లాయి. నాకు ఒక్క ఊపిరి చాలింది. కార్బైడ్‌లో కొన్ని మలినాలుంటాయి. నీళ్ళు తగిలితే వాటి నుంచి వచ్చే వాయువుకు అచ్చం వెల్లుల్లి వాసన. బయటి గోడల వాసన గాలికి పోయింది. ఇక్కడ మాత్రం శేషయ్య గారు వండిన ప్రతిసారీ ఆవిరి గోడను తడుపుతోంది, గోడ వాసన వదులుతోంది. ఆయన చేసిన నేరం అన్నం వండటం.

అప్పుడే చెప్పాల్సింది. బయటికి వచ్చేసరికి గుమ్మం పక్కన మా వంశం పేరు ఎర్రగా, పెద్దగా కనబడింది. "పరీక్ష చేయాలి. రెండు రోజులు పడుతుంది" అన్నాను. గోడ నుంచి కొంచెం గీకి పొట్లం కట్టుకుని బస్సెక్కాను. రెండు రోజుల పరీక్ష ఏమీ లేదు. ఆ రెండు రోజులూ నాకు కావాలి, అంతే. వెనక్కి తిరిగి చూస్తే, శేషయ్య గారు నాకు నమస్కారం పెడుతున్నారు.

మర్నాడు ప్లాంటుకు వెళ్ళాను.

"డ్రమ్ములు ఎక్కడి నుంచి నింపారు?"

"గేటు దగ్గర నుంచేనండి. అవతలి కొస గట్టిగా ఉంది, గునపం దిగదు. బాబుగారి ఇంటి పేరు మీద వెళ్ళే సున్నం, తాజాగా ఉండాలి కదండీ" అన్నారు కోటేశ్వరరావు గారు.

ఆ రోజు బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గేటు వైపు ఊబిలోకి దిగాను. ఆయన కంగారుపడి కుర్చీ తెప్పించారు. బురదలో కుర్చీ ఏం చేసుకోను? నాలుగు చోట్ల శాంపుల్ తీశాను. కరగకుండా మిగిలిన కార్బైడ్ పలుకులు చేతికి తగులుతూనే ఉన్నాయి. లేబొరేటరీలో నీళ్ళు పోస్తే బుడగలు వచ్చాయి, అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంది. నీటితో కలిస్తే మండే వాయువు వదలడం నిబంధనల ప్రకారం ప్రమాదకర గుణం. గుంట ఒకటే, పుట్టుక ఒకటే. ఒక కొస సున్నం, ఇంకో కొస ప్రమాదకర వ్యర్థం. అందుకే కుప్పలో పైన, కింద, ఈ కొస, ఆ కొస తీసి అన్నీ కలిపి పరీక్షించాలంటారు. దాన్ని కాంపోజిట్ శాంపుల్ అంటారు. అది నాకు తెలియక కాదు, నా బూట్లకు ఇష్టం లేక.

కల్యాణానికి ముందు రోజు ఉదయం మండపంలో అందరి ఎదుటా ఒక గాజు గ్లాసు పెట్టాను. గోడ నుంచి గీకిన పొడి వేసి వేడినీళ్ళు పోశాను. ముందు వరసలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. శేషయ్య గారు పది అడుగుల దూరంలో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. తర్వాత స్టీలు గ్లాసులో గుంట నుంచి తెచ్చిన ముద్ద వేసి, నీళ్ళు పోసి, అగ్గిపుల్ల గీశాను. ఫట్‌మని మంట లేచి నల్లటి మసి కక్కింది. అర్చకస్వామి కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఇది ఫ్యాక్టరీ వ్యర్థం. దీన్ని సున్నమని చెప్పి తెచ్చింది నేను. శేషయ్య గారి తప్పేమీ లేదు" అన్నాను. మా తాతగారు ఆ మండపంలో ఎన్నో మాటలు మాట్లాడి ఉంటారు. ఇలాంటిది మాట్లాడి ఉండరు.

వీర్రాజు గారు గొంతు సవరించుకున్నారు.

"కార్బైడ్ వాసనేనని నాకు మొదటి రోజే అనుమానం వచ్చిందండి."

"కార్బైడ్ వాసన మీకెలా తెలుసు?" అన్నారు అర్చకస్వామి.

వీర్రాజు గారు కండువా సర్దుకున్నారు. పచ్చి గెలలు తొందరగా పండటానికి మధ్యన కార్బైడ్ పొట్లం పెట్టేవాళ్ళుంటారు. చట్టం ఒప్పుకోదు.

"గోడౌన్లో గెలలు పండుతుంటాయి కదండీ" అన్నారు శేషయ్య గారు, ఎవరినీ చూడకుండా.

వాసన తెలిసిన ఇద్దరం రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాం. వాసన తెలియని మనిషి నిలబడి మాటలు పడ్డాడు. వీర్రాజు గారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది ఆ రోజేననుకుంటాను.

తాళం ఉంచుకోమని కమిటీ అంటే శేషయ్య గారు దాన్ని మొలలోంచి తీసి అర్చకస్వామి ముందు పెట్టారు.

"నన్ను అన్నప్పుడు ఊరంతా విన్నారండి. కాదన్నప్పుడు పదిమందే ఉన్నారు."

న్యాయమే. ఆ మధ్యాహ్నం వంటశాల గోడలు గీకించి, గీకింది మళ్ళీ డ్రమ్ముల్లో పట్టించి, ప్లాంటుకు తిప్పి పంపాను. ఎర్ర అక్షరాలు దాంతోపాటే పోయాయి. మర్నాడు కల్యాణానికి వచ్చిన జనం ముందు మైకులో నేను కొత్తగా రాసిన రిపోర్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను. వ్యర్థం పేరు, పుట్టిన చోటు, గుణం. తీసుకువచ్చినవారు అన్న చోట నా పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. జనం శ్రద్ధగా విన్నారు. కొందరు పెద్దవాళ్ళు అది కూడా కల్యాణంలో భాగమనుకుని దణ్ణం పెట్టుకున్నారు.

రిపోర్టు ఫ్యాక్టరీ కోసమో, ఆఫీసు ఫైలు కోసమో అనుకునేవాణ్ణి. తాను ఎన్నడూ చూడని గుంట వల్ల ఎక్కడో ఒక మనిషి మాట పడతాడనీ, నేను రాసేది అతని కోసమనీ అప్పుడు తెలిసింది.

చదవడం అయ్యాక శేషయ్య గారు తాళం మొలలో దోపుకుని నా దగ్గరకు వచ్చారు.

"బాబుగారూ, ఆ కాగితం కాపీ ఒకటి ఇప్పించండి."

ఇచ్చాను. నెల తర్వాత వెళ్తే వంటశాలలో, స్వామి పటం పక్కన, అద్దం బిగించి వేలాడుతోంది. కింద నా సంతకం దగ్గర కుంకుమ బొట్టు కూడా ఉంది. ఈ వృత్తిలో నేను వేల రిపోర్టులు రాశాను. ఫ్రేము కట్టించుకున్నది అదొక్కటే.