గురవమ్మ పెద్దమ్మ గిచ్చుడు, చెంబెడు గంజి

మా గురవమ్మ పెద్దమ్మ మనిషిని పలకరించదు, గిచ్చుతుంది. చేతి మీది తోలు రెండు వేళ్లతో పట్టి, లాగి వదులుతుంది. తోలు వెంటనే సర్దుకుంటే క్షేమం. ఆలస్యమైతే మాత్రం ఉప్పు, మజ్జిగ కలిపిన గంజి చెంబెడు తాగేదాకా వదలదు.

ముప్పయ్యేళ్లు గొర్రెలు మేపిన చేయి అది. ఎండాకాలంలో గొర్రెకు నీళ్లు చాలాయో లేదో అలాగే చూసేదట. గొర్రెలు అమ్మేశాక ఆ విద్య పులివెందుల జనం మీదికి మళ్లింది.

బస్టాండులో కండక్టరును గిచ్చింది. మా చీనీ తోట, అదే బత్తాయి తోట, చూడటానికొచ్చిన బ్యాంకు ఆఫీసరునూ గిచ్చింది. ఆయన అదిరిపడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"నీ తోలు లేటుగా పడతాంది సార్. తాగు."

"నేను మినరల్ వాటరే తాగుతానమ్మా."

"అందుకే."

ఆయన చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, తోటలో అడుగు పెట్టకుండానే బాగుందని రాసుకుని వెళ్లిపోయాడు.

పోయిన మే నెలలో తోటలో కాయలు కోస్తూ, కూలికొచ్చిన సాజియా కళ్లు తిరిగి కూలబడింది. నీళ్ల క్యాన్లు పెట్టించాను కాబట్టి తప్పు నాది కాదనుకున్నాను. పెద్దమ్మ ఆ పిల్లను నీడకు చేర్చి గిచ్చింది. తోలు లేచింది లేచినట్టే నిలబడిపోయింది. పెద్దమ్మ ముఖంలో భయం నేను మొదటిసారి చూశాను. ఆటో వచ్చేదాకా గుక్క గుక్కగా గంజి తాగిస్తూనే ఉంది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించి, ప్రమాదం లేదని సాయంత్రానికి పంపించారు.

ఆటో అటు కదలగానే పెద్దమ్మ మిగిలిన ఏడుగురు ఆడవాళ్లనూ వరసగా గిచ్చింది. ఒక్కరి తోలూ సరిగా లేదు.

"క్యాన్లు నిండుగానే ఉండాయి. ఎందుకు తాగలేదమ్మే?"

"తాగితే యాడికి పోవల్ల పెద్దమ్మా? చుట్టూ మగోళ్లు కాయలు మోస్తాండారు" అంది మైమూన్.

పదేళ్లుగా తోట చేస్తున్నాను. ఆ సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు పదకొండుకల్లా క్యాన్లూ గంజి కడవా ఖాళీ. ఆశ్చర్యపోయి చూస్తే, ఆడవాళ్లు ఒక్కొక్కరే మోటారు రూము వెనక్కి వెళ్లి వస్తున్నారు. అక్కడ నాలుగు గుంజలు, వాటి చుట్టూ పచ్చటి వల దడి కట్టి ఉంది. మా చీనీ నారుకు నీడగా నేను కట్టిన వలే అది.

"నా మొక్కలు ఎండిపోతాయి పెద్దమ్మా!"

"ఎండితే మళ్లీ నాటుకో, ఈశ్వరూ. పొద్దన్నే కడవెడు నీళ్లు పోసినా. తాగేకి మొక్కలేం సిగ్గుపడవులే."