మా ఇంటిల్లిపాదీ చదివిన టెన్నిస్ నవల

నాకు మొదట కుదిరిన సంబంధం తప్పిపోయింది జాతకాలు పొసగక కాదని, ఒక టెన్నిస్ ఆటగాడి వల్లనని, ఆ ఆటగాడు కూడా ఒక నవలలోని మనిషేనని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే దాన్నే అయినా, ఆ రోజు పేజీలో మాత్రం కొల్లేరు వెళ్ళామనీ గాలి బాగుందనీ రాసి ఊరుకున్నాను.

పోయిన నెలలో మా మనవరాలు నన్ను తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో ఏలూరు తీసుకువెళ్ళింది. అక్కడ ఒక కొత్త పుస్తకం మీద పాఠకుల సభ. ఎవరికీ అంతుపట్టని ఒక టెన్నిస్ క్రీడాకారిణి కథట. చదివినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆ అమ్మాయి ఎందుకలా చేసిందండీ అని అడుగుతుంటే, రచయిత మైకు ముందు నిలబడి అన్నింటికీ ఓపిగ్గా జవాబులు చెబుతున్నారు. వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్న నాకు కాసేపటికి ఆ జవాబులు వినిపించడం మానేసి, నీళ్ళను తోసుకుంటూ వెళ్ళే పడవ చప్పుడు వినిపించసాగింది.

అవి ముప్ఫయిల నాటి రోజులు. నాన్నగారు ఏలూరు కోర్టులో గుమాస్తా. అమ్మ నా చిన్నప్పుడే పోతే, నాన్నగారి తల్లి అయిన మా మామ్మా, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్తా నన్ను పెంచారు. మిషన్ బళ్ళో చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగిలేది కాదు. అప్పటికి వచ్చిన రెండు సంబంధాలూ పిల్ల మూగదేమోనన్న అనుమానంతోనే వెనక్కి పోయాయి. మూడోదీ తప్పితే ఇక రెండో పెళ్ళివాళ్ళే వస్తారని వీధిలో అనుకుంటున్నారని మేనత్త కళ్ళు తుడుచుకునేది.

ఆ మూడోది తాడేపల్లిగూడెం ప్లీడరు గారి అబ్బాయిది. తనూ లా చదివి, ఏలూరులో ఒక సీనియరు దగ్గర పని నేర్చుకుంటూ, సాయంత్రాలు క్లబ్బులో టెన్నిస్ ఆడేవారు. నేను బడికి వెళ్ళే రోజుల్లోనే, ఇంటికి వచ్చే దారిలో గోడ మీదుగా ఆ ఆట ఒకసారి చూశాను. అందరూ చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆయన కిందికి వంగి, ఊడని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకునేవారు. పొగడ్తకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి నాలాగే ఇంకొకరున్నారని ఆ రోజు ఇంటిదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. అందుకే పెళ్ళిచూపులకు వచ్చింది ఆయనేనని తలుపు చాటు నుంచి చూసి తెలుసుకున్నప్పుడు, కాఫీ గ్లాసు పెద్దవాళ్ళకన్నా ముందు ఆయనకే అందించాను.

ఆ రోజుల్లో చూపులకు వచ్చినవాళ్ళు పిల్ల చేత పాట పాడించేవారు, నాలుగడుగులు నడిపించేవారు, ఏదైనా రాయించి దస్తూరీ చూసేవారు. ఈయన అవేవీ అడక్కుండా వెళ్ళిపోయి, వారం తిరక్కముందే చెల్లెలి చేత ఒక నవల పంపించి, చదివి అభిప్రాయం చెప్పమన్నారు. అది మా వీధిలో కనీ వినీ ఎరగని విషయం. నా అభిప్రాయమంటే ఇంటిల్లిపాదికీ పరీక్ష వచ్చిపడ్డట్టయింది.

కథ చిన్నదే. ఎక్కడివాడో తెలియని ఒక యువకుడు ఒక ఊరు వస్తాడు, టెన్నిస్‌లో అందరినీ ఓడిస్తాడు. ఆఖరి ఆట కూడా గెలిస్తే అతనికి ఇల్లూ, దివాణంలో కొలువూ, జమీందారు కూతురితో పెళ్ళీ అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఒక్క దెబ్బ కొడితే గెలుపు. అప్పుడతను బంతిని చేజేతులా వలలో వేసి, ఎదుటివాడికి నమస్కారం పెట్టి, ఎటో వెళ్ళిపోతాడు. ఎందుకన్నది రాసినాయన చెప్పలేదు.

మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న మామ్మకీ మేనత్తకీ నేనే చదివి వినిపించాను. ఇంట్లోవాళ్ళ ముందైతే నా గొంతు బాగానే పలికేది. జమీందారు కూతురు గయ్యాళిదై ఉంటుందనీ, ఎవరో పుణ్యాత్ములు అతని చెవిన వేసి ఉంటారనీ మామ్మ తేల్చేసింది. అతను పాపం ఆకలితో కళ్ళు తిరిగి ఓడిపోయాడనీ, పుస్తకం మొత్తంలో ఎవరైనా అతనికింత అన్నం పెట్టినట్టు రాశారా అనీ మేనత్త నన్నే నిలదీసింది. నాన్నగారు కోర్టు నుంచి వచ్చి ఒక్క బిగిన చదివేసి, వాదనలన్నీ విని తీర్పు చెప్పకుండా జడ్జి లేచిపోయినట్టుందని విసుక్కున్నారు. మాకు పాఠాలు చెప్పిన మిషన్ బడి పంతులమ్మ గారు మాత్రం పుస్తకం చదివి చాలాసేపు కళ్ళు మూసుకుని, ఇది త్యాగమండీ, అంతకన్నా పెద్ద మాట లేదు అన్నారు. ఆ మాట నాన్నగారికి నచ్చింది. త్యాగం మెచ్చుకునే కోడలు ఏ అత్తగారికి చేదు? ఆ రోజు నుంచి నా అభిప్రాయం త్యాగమని ఖాయమైంది. అన్నం తినేటప్పుడు కూడా నా చేత చెప్పించి చూసేవారు.

ఆ కార్తీకంలో పెళ్ళికొడుకు చెల్లెలి అత్తవారు కొల్లేటి లంకలోని తమ తోటలో వనభోజనాలకు రెండు కుటుంబాలనూ పిలిచారు. రేవుదాకా బళ్ళ మీద, అక్కడి నుంచి పడవల్లో. పెద్దవాళ్ళు ముందు పడవలో వెళ్ళిపోయారు. వెనక పడవలో ఆయన, ఆయన చెల్లెలు, నేను, ఎక్కగానే గొడుగు కింద కునుకు తీసిన మా మేనత్త. తామరాకుల మధ్య దారి చేసుకుంటూ పడవ పోతుంటే, ఎండ నీళ్ళలోకి దిగి మళ్ళీ మా మొహాల మీదికి వచ్చి ఊగుతుండేది. కిక్కిస గడ్డి అవతల గూడబాతులు తెల్లని మూటల్లా కదలకుండా కూర్చున్నాయి. ఆ పడవ ఎక్కడికీ చేరకపోయినా బాగుండుననిపించింది.

ఆయన చెల్లెలు నన్ను చూసి, "ఏం వదినగారూ, మా అన్నయ్య పులేం కాదండీ, ఆ కొంగు చివర్లు నలిపేయకండి" అంది. పడవ నడిపే పెద్దాయనకు ఈ నవల సంగతీ టెన్నిస్ సంగతీ తనే చెప్పుకొచ్చింది. అంతా విని ఆ పెద్దాయన గెడకర్ర నీళ్ళలో దింపుతూ, "వల కట్టేదే పడ్డానికి గదండీ. అందులో పడకూడదంటే అదేం ఆటండీ" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే పెళ్ళికొడుకు నా వైపు తిరిగి, ఎందుకు ఓడిపోయాడంటారండీ అని అడిగారు.

త్యాగం అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అంటే పెళ్ళయిపోతుంది, ఆయన నాకు నచ్చారు కూడా. కానీ నా జవాబు కోసం అంత శ్రద్ధగా ఎదురు చూసిన మనిషి నాకు అంతకుముందు తారసపడలేదు. అలాంటి మనిషికి ఇంకొకరి మాట ఎలా ఇస్తాను?

"గెలిస్తే ఆ ఊళ్ళో ఉండిపోవాలి కదండీ. ఉంటావా అని అతన్ని ఎవరూ అడగలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేక, "మిమ్మల్ని ఎవరైనా అడిగారాండీ?" అన్నాను.

చెల్లెలు నవ్వడం ఆపేసింది. ఆయన, లేదండీ అన్నారు. తరవాత మెల్లగా చెప్పుకొచ్చారు. తాడేపల్లిగూడెంలో తండ్రి ఆఫీసు పక్కన తన కోసం గది కట్టించారట, బల్లా కుర్చీ చేయించారట, పెళ్ళి కాగానే వెళ్ళి అందులో కూర్చోవాలట. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు. తోటలో భోజనాల దగ్గర మళ్ళీ మాట్లాడుకోలేదు.

నాలుగు రోజుల తరవాత ప్లీడరు గారి నుంచి జాతకాలు మరోసారి చూపిస్తే కుదరలేదని కబురొచ్చింది. నిజానికి అబ్బాయి తనకసలు పెళ్ళే వద్దని, ఇందులో పిల్ల తప్పేమీ లేదని తండ్రితో చెప్పి ఇల్లు విడిచి వెళ్ళారని ఆయన చెల్లెలు చాటుగా నాకు చెప్పింది. రంగూన్‌లో చూశామని కొందరన్నారు, బొంబాయి అని కొందరన్నారు. మామ్మ ఒక పూట అన్నం ముట్టలేదు. త్యాగమనే చెప్పావు కదా అని నాన్నగారు అడిగితే తల దించుకున్నాను. మా ఇంట్లో నేను తల దించుకుంటే అవునని అర్థం.

వీధివాళ్ళు భయపెట్టినట్టేమీ కాలేదు. రెండేళ్ళకు తాడేపల్లిగూడెంలోనే మంచి మనిషితో పెళ్ళయింది. మావారు పుస్తకం ముట్టలేదు, నన్ను చదువుకోనిచ్చారు. ఆ గూడబాతులు కూర్చున్న నీళ్ళ చుట్టూ ఇప్పుడు చేపల చెరువుల గట్లు. ఆ రోజుల్లో పుస్తకం ఒక్కటే మా ఇంటికి వచ్చేది. రాసినవాళ్ళు దాని వెంట వచ్చేవారు కాదు. అడగడానికి మనిషి లేక, ఎవరి జవాబు వాళ్ళే వెతుక్కునేవాళ్ళం, దొరికినదానితో బతికేవాళ్ళం. ఇప్పుడు అడిగిన వెంటనే చెప్పేవారున్నారు. సభ నుంచి వచ్చేటప్పుడు మా మనవరాలు సందేహాలన్నీ తీరిపోయాయని సంతోషంగా అంది. నాకు ఆ పిల్ల మీద ఎందుకో జాలి కలిగింది.

ఆ వనభోజనాల నాటి సాయంత్రం, తిరిగొచ్చి రేవులో అందరూ బళ్ళెక్కుతుండగా, ఆయన మా మేనత్తకు చెయ్యి అందించి దింపి, నా పక్కకు వచ్చి ఒక్క క్షణం ఆగారు. ఆ తరవాత ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు. నాకే వినపడేటట్టు అన్నారు:

"మీరు అడక్కపోతే నేను ఉండిపోయేవాణ్ణండి. సుఖంగానే ఉండేవాణ్ణేమో కూడా."