తార్నాకలో బెల్టు తెగిన రోజు

చిన్నప్పుడు స్కూటర్ ముందర నిలబడి వెళ్లడమంటే నాకు భలే సరదా... ఆ రోజు మాత్రం హ్యాండిల్ గట్టిగా పట్టుకుని భయంగా నిలబడ్డాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్. హబ్సిగూడలో ఆటో ఒక్కటీ కనబడలేదు. మూడేళ్ల తమ్ముడికి పొద్దుటి నుంచి ఆయాసం... పెదాలు నీలంగా మారుతున్నాయి. నాన్న లారీ మీద దూరం పోయాడు. పైవాటాలో ఉండే తెనాలి అంకుల్ తన గేర్లు లేని స్కూటర్ తీశాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. సీతాఫల్‌మండిలో ఆస్పత్రికి చేరాలి.

బయల్దేరే ముందు అమ్మ మెల్లగా ఒక మాట చెప్పింది.

"అన్నా, తొవ్వల మీరు నోరు తెరవకుర్రి. ఎవరన్న అడిగితే నేను మాట్లాడ్త."

ఆయన మాట వింటే ఎటువైపు మనిషో తెలిసిపోతుంది మరి... తలూపాడు.

తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గరికి వచ్చామో లేదో, టప్‌మని చప్పుడు. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. వెనక చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు తెగింది. షాపులన్నీ మూసి ఉన్నాయి. రోడ్డంతా రాళ్లు, కాలిన టైర్ల వాసన...

అంకుల్ సీటు కింద ఎప్పుడూ ఒక బెల్టు, పానాలు ఉండేవి. రోడ్డు మీదే కూర్చుని పక్క మూత విప్పాడు. ముందరి నట్టు తీసి, బెల్టు ఇరుకున తిరిగే రెండు గుండ్రటి రేకుల్లో ఒకటి ఊడదీశాడు. వెనక మాత్రం రెండు రేకులు స్ప్రింగుతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీసి పట్టుకుంటేనే బెల్టు మధ్యలోకి దిగి, ముందర ఎక్కించేంత వదులు వస్తుంది. ఇంటి దగ్గరైతే మధ్యలో చెక్కముక్క దూర్చేవాడు. ఇక్కడ చెక్కముక్క లేదు. ఒక్కడి చేతులు సరిపోవడం లేదు... అమ్మ ఒళ్లో తమ్ముడు ఎగపీలుస్తున్నాడు.

అంతలో గేటులోంచి విద్యార్థులు పరుగున వచ్చారు. ముఖానికి దస్తీ కట్టుకున్న ఒకాయన ఆగి ఏమైందని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన తమ్ముణ్ణి చూశాడు, వెంటనే కూర్చుని రేకులు రెండు చేతులతో లాగి పట్టుకున్నాడు. అంకుల్ సైగలతోనే చూపిస్తుంటే, కాకా మాట్లాడడా అని అడిగాడు. గొంతు బాగలేదని అమ్మ అబద్ధం చెప్పింది.

బెల్టు సగం దిగాక ఆ దస్తీ ఆయన పట్టు కొంచెం జారింది. అంకుల్ అన్నీ మరిచిపోయాడు.

"వదలమాక బాబూ, నా వేళ్లు లోపలుండాయి."

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దస్తీ పైన ఆ కళ్లు అంకుల్‌ను ఒక్క క్షణం చూశాయి.

"గొంతు మంచిగనే ఉన్నది కదనే కాకా... వదలను. జల్ది కానియ్యి."

అప్పుడే వెనక నుంచి పోలీసులు వచ్చారు. అందరూ పరుగు. ఉరకమని స్నేహితులు కేకలేస్తున్నారు. ఆయన లేవలేదు. లాఠీ వీపు మీద పడింది... మళ్లీ పడింది. పడ్డ ప్రతిసారీ భుజాలు ఎగిరాయి గాని చేతులు కదల్లేదు. ఆ చేతుల మధ్య అంకుల్ వేళ్లున్నాయి.

అమ్మ తమ్ముణ్ణి రెండు చేతులా ఎత్తి చూపిస్తూ అడ్డం పోయింది. అప్పటికి గాని లాఠీ ఆగలేదు.

బెల్టు ఎక్కింది. అంకుల్ ముందరి రేకు బిగించి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే బెల్టు దానంతటదే పైకి వచ్చి సర్దుకుంది. దస్తీ కట్టుకున్నాయన లేచాడు, నడుము నిటారుగా నిలవలేదు. అంకుల్ ఆ చేతులు పట్టుకున్నాడు.

"పోర్రి కాకా, పిల్లగాడు నీలమైతున్నడు" అని కుంటుకుంటూ గేటులోకి వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో తమ్ముడికి ఆక్సిజన్ పెట్టారు. ఇంకాసేపైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంటే అమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. తర్వాత అంకుల్ ఎన్నోసార్లు ఆ గేటు దగ్గర వెతికాడు... ముఖం కట్టుకున్న మనిషిని ఎట్లా గుర్తుపడతారు?

మొన్న మా ఆయన బండి బెల్టు తెగింది. ఫోన్ చేస్తే మనిషి వచ్చి మార్చి వెళ్లాడు. ఎవరూ ఆగలేదు, ఎవరినీ ఆపాల్సిన పనీ రాలేదు...

ఆ రోజుల్లో అక్కడ చదువుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, వీపు మీద దెబ్బలు తిన్న ఆ అన్న మీకు తెలిసి ఉంటే, ఒక్క మాట చేరవేయండి. మా తమ్ముడికి ఇప్పుడు, ఆయనకు అప్పుడున్న వయసు వచ్చిందని...