జర బయట కూసోండ్రి

మా మేడమ్ పోయారని సోమవారం పొద్దున తెలిసింది. పనికి వెళ్తూ పాపకూర అనే ఊరి దగ్గర మోటర్‌వే దిగుతుండగా ఆవిడ కూతురు ఫోన్ చేసింది. మెదడు వెనక భాగంలో స్ట్రోక్. కళ్ళు తిరగడంతో మొదలైందట. కళ్ళు తిరిగే జబ్బులకు వైద్యం చేస్తూ బతికిన మనిషి చివరికి ఇలా పోయింది. దేవుడనేవాడుంటే వాడికి సిగ్గు లేదని అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

ఆవిడ ఫిజియోథెరపిస్టు, నాకు పని నేర్పిన గురువు. వరంగల్ నుంచి ఈ పరాయి దేశం వచ్చి ఇక్కడే సెటిల్ అయ్యారు. మా క్లినిక్‌కి వచ్చే తెలుగు ఆడవాళ్ళు, కళ్ళు తిరగడం గురించి అడిగే ఇంగ్లిష్ ప్రశ్నాపత్రంలో అన్నిటికీ లేదని టిక్కు పెట్టి, లేచి రెండడుగులు వేయగానే గోడ పట్టుకునేవారు. అది చూసే ఆవిడ ఆ ప్రశ్నలను తెలుగులో రాశారు. రాస్తే సరిపోదు, అవి నిజం రాబడతాయో లేదో పరీక్షించాలి. అందుకని కొన్నాళ్ళు ఆగి, అదే పేషెంటుకి మళ్ళీ అవే ప్రశ్నలు ఇస్తారు. జబ్బు మారకపోతే జవాబులూ మారకూడదు.

మావి మారిపోయాయి. అనువాదం బాగాలేదన్నారు, ఆ జవాబుల లెక్కలు చూసే యూనివర్సిటీవాళ్ళు. మేడమ్ ఒప్పుకోలేదు. ఏ రోజు ఎవరు ఒంటరిగా వచ్చారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అని తవ్వుకుంటూ పోయారు. మొగుడు పక్కనున్న రోజు ఆడవాళ్ళకు కళ్ళు తిరగడం తగ్గిపోతోంది.

మంచం మీద ఒత్తిగిలితే గది తిరుగుతుందా అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే ఆయన, హాయిగా నిద్రపోతుందండీ అనేవాడు. మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"అన్నా, తిరిగేది మీ తల కాదు గదా. జర బయట కూసోండ్రి."

ఇది చదివే మగవాళ్ళకు కోపం వస్తే రానివ్వండి. వాళ్ళకూ వచ్చింది, మేనేజర్ దాకా కంప్లైంట్లు వెళ్ళాయి. ఆవిడ మాత్రం తలుపు వేసి, ప్రశ్న అడిగి, ఫ్లాస్కు మూతలో టీ పోసి పేషెంటు చేతికిచ్చి ఊరుకునేవారు. ఆ మౌనం భరించలేక నేను జవాబు అందించబోతే, అందరి ముందే కసిరేవారు. "అడిగినంక ఊకోవాలె." నాకు ఏడుపొచ్చేది. ఇవాళ నాకు కాస్తో కూస్తో పని వచ్చంటే ఆ కసుర్ల పుణ్యమే.

అలా ఊరుకున్నప్పుడే ఒక ఆంటీ, తను ఏడాదిగా సోఫాలో కూర్చునే నిద్రపోతున్నానని చెప్పింది. పడుకుంటే ఇల్లంతా గిర్రున తిరుగుతుందట. హాయిగా నిద్రపోతుందన్న మనిషి అప్పుడు కారులో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ తర్వాత భర్తలందర్నీ బయట కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచీ చేశారు. ఈసారి జవాబులు మారలేదు, ఆ ప్రశ్నాపత్రం నిలబడింది.

ఫోన్ వచ్చిన సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. మేడమ్ భర్తని నేను అంకుల్ అంటాను. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన అదే చెప్తున్నారు. శనివారం వాంతులయ్యాయి, నిలబడలేకపోయింది, మాట ముద్దగా వచ్చింది. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్ళారు. డాక్టరు అడిగినవాటికి ఆయనే జవాబిచ్చారు. ఇది పాతదే, అప్పుడప్పుడూ వస్తుంటుందని చెప్పారు. ఆవిడ ఏదో చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఆదివారానికి స్పృహ పోయింది.

"అన్ని నేనే చెప్పిన. ఆమెను ఒక్క మాట గూడ మాట్లాడి కష్టపడనియ్యలే," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

ఎంత ప్రేమో అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ప్రేమే. రోజంతా నిలబడి పనిచేసి ఇంటికొస్తే ఆవిడ కాళ్ళు ఒత్తిన మనిషి. అదే నాకు మింగుడు పడటం లేదు. ఆవిడ రాసిన ప్రశ్నలు ఆ క్లినిక్‌లో ఉండి ఉన్నా, జవాబులు ఆయనే నింపి ఉండేవారు. చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. దయతో కాదు. చెప్తే ఆయన ఏడుస్తారు, అందరూ ఆయన్నే ఓదారుస్తారు.

నేను బయల్దేరుతుంటే సాగనంపడానికి లేచి, తూలి, మళ్ళీ కూర్చుండిపోయారు. మొహం పాలిపోయింది. పక్కన కూర్చుని, గది తిరుగుతున్నట్టుందా, ఒళ్ళు తూలుతున్నట్టుందా అని అడిగి ఊరుకున్నాను. ఆయన నిజంగానే ఆలోచించారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచారు.

"డాడ్ ఈజ్ ఫైన్," అంది కూతురు వెనకనుంచి, ఖాళీ కప్పులు ఏరుతూ. "ఏం తినలేదు, అంతే."

ఆయన నోరు మూసుకుని, అవునన్నట్టు తలూపారు.