రాగి స్టిల్‌లో మూడో బ్యాచ్

2015లో నేను శ్రీకాకుళానికి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న డిస్టిలరీలో ప్రొడక్షన్ గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. లైసెన్సు ఉన్న కంపెనీ. రమ్ముకు కావలసిన స్పిరిట్ తీసేది. ఏ బ్యాచ్ ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, ఎన్ని లీటర్లు వచ్చాయి అన్నది రాయడం నా పని. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని, తప్పులు చేసి దిద్దుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. పంచదార మిల్లులో మిగిలే నల్లటి మడ్డిని మొలాసిస్ అంటారు. దాన్ని నీళ్ళలో కలిపి, ఈస్ట్ వేసి పులియబెడితే వచ్చేది వాష్. వాష్‌ను మరిగించే పాత్ర పాట్ స్టిల్. పొడుగు మెడ ఉన్న పెద్ద రాగి బాన అనుకోండి. ఆవిరి ఆ మెడలోంచి పైకెక్కి, అవతల చల్లటి గొట్టాల్లో మళ్ళీ ద్రవమై దిగుతుంది. అదే స్పిరిట్.

ఒకసారి నింపిన వాష్, అంటే ఒక బ్యాచ్, మరగడానికి ఏడు గంటలు. అడుగున మిగిలింది వదిలేసి, కడిగి, మళ్ళీ నింపడానికి ఒక గంట. మొత్తం ఎనిమిది. రోజుకు రెండు బ్యాచ్‌లే తీసేవారు కాబట్టి పదహారు గంటలు పోగా ఎనిమిది మిగిలేవి. ఆ ఎనిమిదీ, బ్యాచ్‌కు నాలుగు చొప్పున, స్టిల్ మూత తెరుచుకుని ఊరికే ఉండేది. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. ఇంత చక్కగా సరిపోయే లెక్క ఎవరి కంటా పడలేదేమిటా అనుకున్నాను. కాగితం మీద వేసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, వచ్చే సోమవారం నుంచే మూడో బ్యాచ్ ఎక్కించమన్నారు.

స్టిల్ దగ్గర పనిచేసే ముగ్గురు ఆపరేటర్లకు పెద్ద తవిటయ్య. పాత్ర కడిగించే బాధ్యత కూడా ఆయనదే. కళింగపట్నం దగ్గర చేపలు పట్టే కుటుంబం. పడవలో తన వాటా తమ్ముడికి వదిలేసి ఎప్పుడో ఈ పనిలోకి వచ్చేశాడు. కొత్త పట్టిక చూపిస్తే నవ్వాడు.

"ఏటి బాబూ ఇది? దానికి కూసింత గాలి తగలనివ్వరా?"

"రాగికి గాలెందుకు మావా? అదేమైనా ఆయాసపడతాదా?"

"మీరు సదూకున్నోళ్ళు, రాసీసినారు. ఎక్కిద్దాం మరి."

మొదటి వారంలోనే స్పిరిట్‌లో తేడా వచ్చింది. ల్యాబ్‌లో కెమిస్టు సుగుణ మేడం ప్రతి బ్యాచ్‌నూ వాసన చూసి, సున్నా నుంచి ఐదు వరకు మార్కు వేసేవారు. సున్నా అంటే శుభ్రం. మూడు దాటితే పనికిరాదు. మూడులూ నాలుగులూ వరసగా పడసాగాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. మూడో వారానికి రెండు ట్యాంకులు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మేనేజరు స్టిల్ దగ్గరకు వచ్చి తవిటయ్య మీద విరుచుకుపడ్డారు. "ఎండుచేపల మధ్య పెరిగినవాడివి, నీకు కంపేం తెలుస్తుందిలే. సరిగ్గా కడిగిస్తున్నావా అసలు?"

"ఎండుసేపల ఊరోడిని కాబట్టే, ఏ కంపు ఎక్కడి నుంచి వస్తాదో తెలుస్తాది బాబూ. మూత తియ్యనివ్వకపోతే రాగి నల్లగా సచ్చిపోతాది. ఎంత తోమినా అంతే."

"సాకులు చెప్పకు. ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు."

తవిటయ్యది కాంట్రాక్టు ఉద్యోగం. యాభై దాటిన మనిషి. తిరిగి వెళ్దామంటే పడవలో వాటా లేదు. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఏ షిఫ్టులో కడగడం సరిగా లేదో తేల్చమని మేనేజరు నాకే అప్పగించారు. మూడు వారాలు, వారానికి పద్దెనిమిది, మొత్తం యాభై నాలుగు బ్యాచ్‌లు. షిఫ్టుల వారీగా విడదీస్తే మూడు షిఫ్టులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. రోజుల వారీగా పేర్చాను. సోమవారం మొదటి బ్యాచ్‌కు మూడు వారాలూ సున్నాయే. మంగళవారానికి రెండు, బుధవారానికి మూడు, నాలుగు. ఆదివారం మాకు సెలవు. ఆ రోజంతా స్టిల్ మూత తెరిచే ఉంటుంది.

ఇది చాలదనిపించి ఇంకా వెతికాను. ఒక గురువారం బాయిలర్ పంపు చెడి ఐదు గంటలు పని ఆగింది. ఆ తర్వాతి బ్యాచ్ మార్కు నాలుగు నుంచి ఒకటికి పడింది. కడిగింది అదే చేతులతో, అదే బ్రష్‌తో. మారింది మూత తెరిచి ఉన్న గంటలు ఒక్కటే.

సుగుణ మేడం బల్ల మీద సోమవారం సీసా, బుధవారం సీసా పక్కపక్కన పెట్టించుకుని నేనూ వాసన చూశాను. ఆమె విడమరిచి చెప్పారు. రాగి వేడిని సమంగా పంచుతుంది, సుత్తి దెబ్బకు ఎటు కావాలంటే అటు వంగుతుంది. కానీ స్పిరిట్‌కు రాగే కావాలనడానికి పెద్ద కారణం వేరు. మడ్డిలోంచీ ఈస్ట్‌లోంచీ వచ్చే గంధకం ఆవిరిలో కలుస్తుంది. రాగి దాన్ని పట్టుకుని తన ఒంటి మీద నల్లటి పొరగా ఉంచేసుకుంటుంది. పొర నిండా కమ్మేస్తే ఇక పట్టుకోలేదు. కడిగి, గాలి తగలనిస్తే పొర వదులై రాగి మళ్ళీ బయటపడుతుంది. గంధకంతో పాటు రాగి కూడా కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి స్టిల్ గోడ ఏళ్ళ తరబడి పలచబడుతూ వస్తుంది.

తప్పు ఎవరిదో తేలిపోయింది. రోజుల వారీగా పేర్చిన ఆ కాగితం రెండు రోజులు నా సొరుగులోనే ఉంది. లెక్క ఇంకోసారి సరిచూడాలని నాకు నేను చెప్పుకున్నాను. సరిచూడడానికి అందులో ఏమీ మిగల్లేదు.

మూడో రోజు ఉదయం మేనేజరు ముందు పెట్టి, మూడో బ్యాచ్ నా ఆలోచనేనని, కంపుకు కారణం అదేనని చెప్పాను. ఆయన పట్టిక చూసి అడిగారు.

"స్టిల్‌ను స్టీలుతో చేయిస్తే ఈ గొడవే ఉండదు కదా?"

పక్కనే ఉన్న సుగుణ మేడం అందుకున్నారు. "స్టీలు గంధకాన్ని ముట్టుకోదు సార్. అప్పుడు రోజూ బుధవారమే."

మూడో బ్యాచ్ ఆగిపోయింది. తవిటయ్యను ఉండమని నన్నే చెప్పమన్నారు.

నేను స్టిల్ దగ్గరకు వెళ్ళేసరికి తవిటయ్య మూత చుట్టూ తోముతున్నాడు.

"మావా, తప్పు నాది. ఆ గంటలు కోసింది నేనే. మేనేజరు గారికి సెప్పీసినాను. ఒకటో తారీఖున నువ్వు రావాల."

"తెలుసు బాబూ," అన్నాడు బ్రష్ ఆపకుండా.

"ఏటి తెలుసు?"

"మొన్న మేడం బల్ల కాడ సీసాలు వాసన సూసినారు కదా. అప్పుడే మీ మొకం సూసినాను. ఈరోజు సెప్తారు, రేపు సెప్తారని సూస్తన్నాను."

"మరి వచ్చి నన్ను అడగొచ్చు కదా?"

"నాను సెప్తే సాకు. మీరు సెప్తే లెక్క." అప్పుడు బ్రష్ పక్కన పెట్టాడు. "రెండ్రోజులు లేటు సేసినారు బాబూ. మా ఇంటిదానికి ముద్ద దిగలేదు."

తర్వాత టార్చి నా చేతికిచ్చి, స్టిల్ లోపల రాగి ఎర్రదనం మొదట ఎక్కడ తిరిగి వస్తుందో చూపించాడు.

రాగి సంగతి ఆ తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. ఆ రెండు రోజుల సంగతి పుస్తకాల్లో లేదు. ఇప్పుడు ఏ పనిలోనైనా గంటలు కోసే ముందు అక్కడ నిలబడి చేసే మనిషిని అడుగుతాను. నా లెక్క తప్పని తెలిస్తే ఆ పూటే చెబుతాను. అది చెబుతానా లేదా అని ఎక్కడో ఒకరు నా మొహంకేసి చూస్తూ ఉంటారు.